ఆర్పితే ఆరిద్దా?

మా అమ్మ ప్రార్థనలో దేవునికి చిరునామాతో సహా చెబుతుంది. మా సంఘంలో అందరూ అంతే. ఆదివారం ఆరాధనలో పాటలయ్యాక అయ్యగారు, అంటే మా పాస్టరుగారు, "ప్రార్థన మనవులు ఉన్నవాళ్లు లేవండి" అంటారు. లేచినవాళ్లు మోకాలు నొప్పి అంటే సరిపోదు. ఎడమ మోకాలా, కుడి మోకాలా, ఎప్పటినుంచి, డాక్టరు ఏమన్నాడు, అన్నీ చెప్పాలి. "దేవునికి అన్నీ తెలుసమ్మా. కానీ నువ్వేం అడిగావో నీకు గుర్తుండాలి గదా, రేపు సాక్ష్యం చెప్పేటప్పుడు" అంటారు అయ్యగారు. జవాబు వచ్చాక మళ్లీ అదే చోట లేచి నిలబడి, అడిగింది అడిగినట్టు దొరికిందని సాక్ష్యం చెప్పాలి. నేను ఆ పద్ధతిలోనే పెరిగాను. అది తప్పని ఇప్పటికీ అనుకోను.

మాది పిడుగురాళ్ల దాటాక సున్నం బట్టీల పక్కన ఊరు. మా ఇంటి గోడలకు వేరే సున్నం కొట్టక్కర్లేదు, గాలే కొట్టి పోతుంది. మా నాన్న బట్టీ పైన పనిచేసేవాడు. బట్టీ అంటే నిలువుగా కట్టిన పెద్ద రాతి గొట్టం. పైనుంచి ఒక వరస రాయి, ఒక వరస బొగ్గు పోస్తారు. నిప్పు లోపలే ఉంటుంది. కాలిన సున్నం కిందనుంచి లాగుతుంటే పైన పోసింది మెల్లగా దిగుతుంది. ఒక్కోసారి లోపల రాళ్లు ఒకదాన్నొకటి పట్టుకుని దిగకుండా ఆగిపోతాయి. కింద బోలు అవుతుంది. పైన మాత్రం నేలలాగే కనబడుతుంది.

ఒక రోజు అలాగే ఆగిపోతే ఆ బట్టీని ఆర్పేశారు. మేస్త్రీ పైన చెయ్యి పెట్టి చూసి "ఆరింది, ఎక్కండి" అన్నాడు. మా నాన్న ఎక్కాడు. పైపెంకు విరిగింది. కింద నిప్పు ఆరలేదు.

నేను అప్పుడు హైస్కూల్లో ఉన్నాను. ఆ రోజు అమ్మ ఏడవడం నాకు పెద్దగా గుర్తు లేదు. ఇంటికొచ్చిన ప్రతి ఒక్కరినీ ఒకటే అడగడం గుర్తుంది. "ఆర్పేశామన్నారు గదయ్యా? ఆర్పేశామన్నారు గదా?" సమాధి చేసి వచ్చాక కూడా, మిరప కోతల్లో కాయలు తెంపుతూ, మండే చేతులతో ముక్కు తుడుచుకుంటూ, తనలో తను ఆ మాటే అనుకునేది.

నేను నేవీలో చేరింది ఇంజను గదిలో పనికి. ఓడ బయటనుంచి బూడిదరంగు పూతతో శుభ్రంగా కనబడుతుంది. దాని కడుపులో మాత్రం ఎప్పుడూ ఏదో ఒకటి కాలుతూ ఉండాలి, లేకపోతే అది తేలే ఇనుము మాత్రమే. కొన్నిట్లో డీజిలు ఇంజన్లు, కొన్నిట్లో విమానం ఇంజనులాంటి గ్యాసు టర్బైన్లు, పాతవాటిలో బాయిలర్లు. ఏది కాలినా చివరికి ఒక ఇరుసు తిరగాలి, ఇరుసు చివరనున్న పంకా నీళ్లను వెనక్కి నెట్టాలి. నీళ్ల కింద నడిచే డీజిలు ఓడకు ఇంకో బాధ ఉంది. ఇంజను కాలాలంటే గాలి కావాలి. అందుకని కింద బ్యాటరీలతో నడిచి, బ్యాటరీలు నింపుకోవడానికి ఊపిరి కోసం పైకి రావాలి. పైకి వచ్చినప్పుడే అది శత్రువుకు దొరుకుతుంది.

అణుశక్తితో నడిచే ఓడకు గాలి అక్కర్లేదు. అందుకే దాన్ని తయారుచేసుకున్నారు. నేను నీళ్ల పైన నడిచే డీజిలు ఓడలో కొన్నేళ్లు చేశాక ఆ శిక్షణకు నన్ను ఎంపిక చేశారు. ఎక్కడ, ఎప్పుడు అన్నది రాయను. ఇక్కడ రాస్తున్నది ఏ బడిపిల్లాడి సైన్సు పుస్తకంలోనైనా దొరికేదే.

మొదటి రోజు మా బోధకుడు, తలనెరిసిన అధికారి ఒకాయన, బోర్డు మీద ఒక కుండ, కుండ కింద మంట గీశాడు. "మీరు చేసేదంతా ఇదే. నీళ్లు కాచడం. పరమాణువు పగిలితే వేడి వస్తుంది. ఆ వేడితో ఆవిరి, ఆవిరితో టర్బైను, టర్బైనుతో పంకా. దీన్ని చూసి భయపడేవాడూ నాకొద్దు, దీనికి దండం పెట్టేవాడూ నాకొద్దు" అన్నాడు.

నేను దండం పెట్టలేదు. కానీ లోపలి హాల్లోకి వెళ్లేటప్పుడు మా బూట్లు బయట విడిచి వాళ్లిచ్చినవి తొడుక్కోవాలి. నాకు అప్పుడల్లా, బైబిల్లో, మండుతున్నా కాలిపోని పొద దగ్గర దేవుడు చెప్పులు విడవమన్న మాట గుర్తొచ్చేది. ఆ మాట మనసులో అనుకునే బూట్లు విప్పేవాణ్ణి.

నా పక్క మంచం ప్రకాశం జిల్లావాడిది. పొగాకు పండించి, బ్యారన్ అనే కొట్టంలో నిప్పు వేడికి ఆరబెట్టే ఇల్లు. నన్ను పాస్టరు అని పిలిచేవాడు.

"ఏరా పాస్టరూ, మా పొగాకు బ్యారన్ కాడ ఇంత చదువు లేదురా. మండితే మండింది, ఆరితే ఆరింది. నాయన చెయ్యి పెట్టి చూసేవాడు, అంతే."

"చెయ్యి పెట్టి చూస్తే తెలీదురా."

"నీకన్నీ తెలుసుగా. ఆ పైపులన్నీ ఎట్టా గుర్తుంటాయిరా నీకు? మీ దేవుడు చెవిలో చెబుతాడా?"

నాకు గుర్తుండడానికి కారణం సండే స్కూలు. మా సంఘంలో చిన్నప్పటినుంచి కంఠత వాక్యాల పోటీలు పెట్టేవాళ్లు. ఒక్క మాట తప్పినా కూర్చోబెట్టేవాళ్లు. అధ్యాయాలు అప్పజెప్పిన నోటికి గొట్టాలు, వాల్వులు, పంపులు కష్టం కాలేదు. నీళ్లు ఎక్కడ మొదలై, ఏ మలుపు తిరిగి, మళ్లీ ఎక్కడికి వస్తాయో చూడకుండా గీసి చూపించాలి. ముగ్గురు అధికారులు ఎదురుగా కూర్చుని అడుగుతారు. అక్కడ "తెలియదు సార్" అంటే తప్పు కాదు. "అయ్యుండొచ్చు సార్" అంటే బయటికి పంపేస్తారు.

ఆ నియమం విన్న రోజే ఆ చోటును ప్రేమించాను. చదివేవాళ్లకు అతిశయోక్తిగా ఉంటుందేమో. కానీ మా నాన్నను చంపింది "అయ్యుండొచ్చు" అన్న మాట. చెయ్యి పెట్టి చూసి ఆరింది అన్న మాట. నాకు తెలిసిన లోకమంతా ఆ మాట మీదే నడుస్తోంది. అలా అనకూడదన్న చోటు ఒకటి ఉందని, అక్కడ నాకు ఒక బల్ల, ఒక కుర్చీ ఉన్నాయని రోజూ తెల్లారి మోకరించి కృతజ్ఞతలు చెప్పేవాణ్ణి. "ప్రభువా, నన్ను ఇక్కడినుంచి తీసెయ్యకు" అని అడిగేవాణ్ణి. అంతకుమించి ఆ రోజుల్లో నేనేమీ అడగలేదు.

ఒక మధ్యాహ్నం బోధకుడు అడిగాడు. "రియాక్టరు ఆపేశారు. పరమాణువులు పగలడం ఆగింది. పంపులు కూడా ఆపేసి భోజనానికి పోవచ్చా?"

నేను లేచాను. "పోకూడదు సార్. ఆపినా వేడి పుడుతూనే ఉంటుంది. నీళ్లు తిరుగుతూ ఆ వేడిని తీసుకుపోవాలి. లేకపోతే లోపలున్నది కరిగిపోతుంది."

"పాఠం ఇంకా చెప్పలేదు గదా. చదివొచ్చావా?"

"చదివాను సార్. కానీ ముందే తెలుసు." బట్టీ సంగతి చెప్పాను. సున్నం బట్టీ వేడి వేరు, ఇది వేరు, అది నాకు తెలుసు. ఆయనకూ తెలుసు. "కూర్చో" అన్నాడు. ఆ రోజునుంచి నన్ను కాస్త ఎక్కువ ప్రశ్నలు అడిగేవాడు.

ఆ శిక్షణలో ఉన్నవాళ్ల ఇళ్లకు విచారణకు వస్తారు. మా ఊరికి వచ్చిన పోలీసాయన మంచివాడే, కానీ మాటకారి. మా అమ్మ ఇచ్చిన మజ్జిగ తాగి, నాకు తాగుడు అలవాటుందా, కేసులేమైనా ఉన్నాయా అని అడిగి, పోతూ పోతూ ఒక మాట విసిరిపోయాడు. అది నాకు అమ్మ ఫోనులో చెబితే తెలిసింది. మా ఫోనులు పెట్టెల్లో పెట్టి తాళం వేసేవాళ్లు, సాయంత్రం బయట ఆవరణలో మాత్రమే ఇచ్చేవాళ్లు.

"తిన్నావా నాయనా?"

"తిన్నానమ్మా. నువ్వు?"

"తింటాలే. పోలీసాయన వచ్చాడురా నీ గురించి. అణుబాంబు ఓడలో ఏస్తన్నారంట గదా నిన్ను. నీళ్లడుగున పోయిద్దంట గదా."

"ఆయనకేం తెలుసమ్మా. ఎవరేం చెప్పినా నమ్మమాక."

"మరేం పనో నువ్వు చెప్పు."

"ఇంజను పనేనమ్మా. ఎప్పుడూ చేసేదే."

"ఇంజనంటే నిప్పుంటదా?"

"ఏ ఓడలోనైనా ఉంటదమ్మా."

అమ్మ మిరపకాయలు ఎండబోసిన కళ్లంలోనుంచి మాట్లాడుతున్నట్టుంది, పక్కన ఎవరో దగ్గుతున్నారు. తర్వాత అడిగింది.

"ఆర్పితే ఆరిద్దా?"

నేను నోరు తెరిచాను. ఆరిద్దమ్మా అంటే అబద్ధం. అమ్మతో, అందులోనూ ఆ విషయంలో, ఆ మాట నా నోట రాదు. ఆరదు అంటే చెప్పకూడనిది చెప్పడం. ఏ మాటా రాలేదు.

"సరేలే నాయనా. జాగర్త" అని అమ్మ ఫోను పెట్టేసింది.

ఆ తర్వాతి ఆదివారం ఏం జరిగిందో నాకు ప్రకాశంవాడు చూపించాడు. ఫోనులిచ్చే వేళ పరుగున వచ్చి, నన్ను గోడ పక్కకు లాగాడు. నవ్వడం లేదు.

"ఒరేయ్, మీ ఊరి చర్చి పేరు ఇదేనా? ఈ పెద్దావిడ మీ అమ్మేనా?"

మా సంఘం యువకులు ఆరాధన మొత్తం ఫోనుతో తీసి ఇంటర్నెట్‌లో పెడతారు. పైన పెద్ద అక్షరాలతో ఆకర్షించే శీర్షిక పెడతారు. ఆ వారం శీర్షికలో అణు ఓడ ఉంది, ఆరని అగ్ని ఉంది, మా ఊరి పేరుంది. వీడియోలో అమ్మ మైకు ముందు నిలబడి ఉంది. కొంగు తల మీదకు లాక్కుని, మైకును రెండు చేతులతో పట్టుకుని, మా పద్ధతి ప్రకారం అన్నీ చెబుతోంది. నా పేరు, ఏ ఊళ్లో శిక్షణ, నీళ్లడుగున పోయే ఓడ, దాని అడుగున నిప్పు. "ఆర్పినా ఆరదంటండి ఆ నిప్పు. నా బిడ్డే చెప్పాడు" అంది. ఆ తర్వాత ఏదో అడిగింది గానీ, అప్పటికే ఆడవాళ్లు ఏడుస్తూ ప్రార్థన ఎత్తుకున్నారు, మాట వినబడలేదు. అయ్యగారు అందుకున్నారు. ఆయన గొంతు మాత్రం స్పష్టంగా ఉంది. "తండ్రీ, ఆ అణు ఓడలో, ఆ ఆరని అగ్ని దగ్గర మా తమ్ముణ్ణి కాపాడు. తమ్ముడే తల్లితో చెప్పుకుని బాధపడ్డాడు ప్రభువా." మూడు శుక్రవారాలు ఉపవాస ప్రార్థన అని ప్రకటించారు. కింద ముక్కూ మొహం తెలియని వాళ్లెందరో ఆమేన్ అని రాశారు.

"తీసెయ్యమను, ఇప్పుడే తీసెయ్యమను" అన్నాడు ప్రకాశంవాడు.

అయ్యగారికి ఫోను చేశాను. తీసేశారు. కానీ అప్పటికే చూడాల్సినవాళ్లు చూశారు. మర్నాడు తరగతిలోనుంచి నన్ను పిలిచారు.

పోలీసాయన సంగతి వాళ్లకు ముందే తెలిసింది, అది వాళ్లు వేరుగా చూసుకుంటామన్నారు. నా దగ్గర తేలాల్సింది ఒకటే. అమ్మకు ఆ మాట నేను చెప్పానా, లేదా. విచారణ గది బయట బెంచీ మీద కూర్చున్నప్పుడు మా బోధకుడు వచ్చి పక్కన కూర్చున్నాడు. మామూలుగా అధికారులు మా పక్కన కూర్చోరు.

"లోపలికి పోయి ఒక్క మాట చెప్పు. మీ నాన్న పోయినప్పటినుంచి మీ అమ్మకు మనసు సరిగా లేదు, ఏదేదో ఊహించుకుని మాట్లాడుతుంది అని. వాళ్లు ఒప్పుకుంటారు. నేనూ చెబుతాను. నిన్ను పోగొట్టుకోవడం నాకిష్టం లేదు."

"మా అమ్మ మనసు బాగానే ఉంది సార్."

"నాకు తెలుసురా" అన్నాడు ఆయన.

తల్లిని సన్మానించమన్న ఆజ్ఞ, అబద్ధ సాక్ష్యం పలకవద్దన్న ఆజ్ఞ, రెండూ చిన్నప్పుడు బెత్తం దెబ్బలతో నేర్చుకున్నవే. అవి రెండూ ఒకే వైపు నిలబడి ఉంటే నేను రెండో వైపుకు ఎలా పోను? అయినా నిజం రాయాలి. ఆ బెంచీ మీద అబద్ధం వైపుకే పోదామనిపించింది. మా అమ్మకు ఎప్పటికీ తెలియదు. నా బల్ల నాకుంటుంది. "ప్రభువా, ఇక్కడినుంచి తీసెయ్యకు" అని మళ్లీ అడిగాను. లోపలినుంచి నన్ను పిలిచారు. ముగ్గురు అధికారులు కూర్చుని ఉన్నారు.

"మీ అమ్మకు మీరు చెప్పారా?"

"లేదు సార్."

"మీరే చెప్పారని ఆవిడ అందరి ముందూ అంది. ఆవిడ అబద్ధం చెప్పిందా?"

"లేదు సార్. ఆర్పితే ఆరుతుందా అని అడిగింది. నేను మాట్లాడలేదు. ఆవిడకు అర్థమైంది."

మధ్యలో కూర్చున్న అధికారి కలం కింద పెట్టాడు. "మాట్లాడకపోతే అర్థం కావడమేంటి?"

నాన్న సంగతి మళ్లీ చెప్పాను. ముగ్గురూ విన్నారు, ఎవరూ వెటకారం చేయలేదు. ఆయన చివరికి అన్న మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది. "మీ మౌనం కూడా చదవగలిగేవాళ్లు మీ ఇంట్లో ఉన్నారు. ఇది శిక్ష కాదు. కానీ మిమ్మల్ని ఇక్కడ ఉంచలేం."

వాళ్లు అన్యాయం చేశారని నేను అనలేను. అదే నాకు ఎక్కువ కష్టం. ఊహ మీద ఏదీ వదలకూడదన్న నియమాన్నే నా మీద కూడా పెట్టారు. ఆ నియమం కోసమే ఆ చోటును ప్రేమించాను. బూట్లు మార్చుకునే గది దగ్గర నా పెట్టె ఖాళీ చేస్తుంటే ప్రకాశంవాడు వచ్చాడు. నా సంచీ బస్సుదాకా మోశాడు. బస్సు కదిలేటప్పుడు, "మీ అమ్మనేం అనమాకరా" అన్నాడు.

నన్ను మళ్లీ డీజిలు ఓడకు పంపారు. చేరడానికి ముందు సెలవు మీద ఇంటికి వచ్చాను. కళ్లాలన్నీ ఎర్రగా ఉన్నాయి. అయ్యగారు బస్టాండుకే వచ్చారు. మోటారు సైకిలు పక్కన ఆపి, నా చెయ్యి పట్టుకుని వదల్లేదు.

"క్షమించు తమ్ముడూ. మా వల్ల నీకు..."

"ఆ వీడియో వల్లేనని మా అమ్మకు తెలుసా అయ్యగారూ?"

"ఓడ మారిందని తప్ప ఏమీ చెప్పలేదు. వీడియో ఎందుకు తీసేశామంటే పాట హక్కుల గొడవ అని చెప్పాను." తల దించుకున్నారు. "అబద్ధమే. నువ్వు చెబుతానంటే నేను పక్కనుంటాను."

చెబుదామనే బయల్దేరాను. దారంతా వాక్యం కూర్చుకుంటూనే వచ్చాను. నన్ను చూడగానే అమ్మ పళ్లెంలో అన్నం పెట్టి, ఎదురుగా కూర్చుని, "నీళ్లడుగు ఓడ కాదంటగా ఇక? మామూలు ఓడేనంటగా?" అంది. ఔనన్నాను. అమ్మ మొహం చూశాక కూర్చుకున్న వాక్యం నోట్లోనే ఉండిపోయింది. ఎండకు, కారానికి నల్లబడిన ఆ మొహంలో అంత వెలుగు మా నాన్న ఉన్నప్పుడు చూశాను, తర్వాత చూడలేదు.

ఆదివారం పాటలయ్యాక సాక్ష్యాలు పిలిచారు. అమ్మ అందరికంటే ముందు లేచింది. ఆ రోజు ఫోనుతో ఎవరూ తీయలేదు.

"అందరికీ వందనాలండి. నా బిడ్డ నీళ్లడుగున నిప్పు కాడ పనికి పోతన్నాడని మీ అందరికీ చెప్పాను. మా ఆయన్ని ఆరిందన్న నిప్పే గదండి మింగింది. ఇంకొకర్ని ఇవ్వలేను ప్రభువా అన్నాను. వాడికి ఆ పనంటే ఇష్టం, నాకు తెలుసు. వాడు ఏమనుకున్నా సరే, వాణ్ణి ఆ నిప్పు కాడినుంచి ఇవతలికి లాగు ప్రభువా అని ఇక్కడే, ఈ మైకులోనే అడిగాను. మూడు శుక్రవారాలు మీరందరూ నాతో పాటు కడుపు మాడ్చుకున్నారు. మూడో శుక్రవారం దాటకముందే వాణ్ణి అక్కడినుంచి తీసేశారండి. నేను అడిగింది అడిగినట్టే చేశాడు దేవుడు."

వీడియోలో వినబడని మాట అది. నన్ను కాపాడమని అడగలేదు. నన్ను తీసెయ్యమని అడిగింది. నేను అక్కడ మోకరించి తీసెయ్యకు అని అడుగుతున్న రోజుల్లో, ఇక్కడ మా అమ్మ, ఊరంతా ఉపవాసముండి, తీసెయ్యి అని అడిగారు. ఆయన రెండూ విన్నాడు. అమ్మది ఆలకించాడు. దానికి ఆయన దూతను పంపలేదు. అమ్మ అడిగిన ఆ మైకునే వాడుకున్నాడు.

సంఘమంతా ఆమేన్ అంది. మైకు దగ్గర నిలబడిన అయ్యగారు అనలేదు, నా వైపు చూస్తున్నారు. నేను కూడా అనలేదు. అమ్మ మైకు వదలకుండా, ఆడవాళ్ల వరసల మీదుగా నన్ను వెతుక్కుంటూ చూసింది. మా సంఘంలో సాక్ష్యం ఎవరి గురించైతే చెబుతారో వాళ్లు ఆమేన్ అనాలి. అప్పుడే అది పూర్తయినట్టు. ఆమేన్ అంటే అలాగే జరుగును గాక అని. జరిగిపోయిన దానికి ఆ మాట అనడానికి నాకు చాలాసేపు పట్టింది.

"ఆమేన్" అన్నాను. అమ్మ కూర్చుంది.

ఆ మధ్యాహ్నం కళ్లంలో ఆమె పక్కన కాయలు తిరగేస్తున్నాను. ఘాటుకు ఇద్దరికీ కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి. అమ్మ చేత్తో చేస్తున్న పని ఆపకుండానే అడిగింది.

"ఈ ఓడలో నిప్పు ఆర్పితే ఆరిద్దా?"

"ఆరిద్దమ్మా. నూనె కట్టేస్తే ఆరిపోద్ది."

"నువ్వు చూశావా?"

"చూశానమ్మా. చాలాసార్లు."

తల ఊపింది. కాసేపు కాయలు తిరగేసింది. తర్వాత నా మొహంలోకి చూడకుండా, "వాళ్లు నిన్ను మళ్లీ పిలుస్తారా?" అంది.

"పిలవరమ్మా. ఒకసారి తీసేస్తే ఇక పిలవరు."

"దేవునికి స్తోత్రం" అంది అమ్మ. కొంగుతో కళ్లు తుడుచుకుని పక్క రాశి దగ్గరికి వెళ్లింది.